ఎఫ్టెలింగ్‌లో ఇంటిల్లిపాదికీ ఒక రోజు: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

ప్రశ్న: మేము నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో ఉంటున్నాము. వచ్చే జూన్‌లో మా అత్తయ్యగారు, మావయ్యగారు విజయవాడ నుంచి వస్తున్నారు. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు, బాబుకు నాలుగేళ్లు. అందరం కలిసి ఎఫ్టెలింగ్ అనే వినోదాల పార్కుకు వెళ్లాలని పిల్లలు పట్టుబడుతున్నారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు. మావయ్యగారేమో, "రంగులరాట్నాలు ఎక్కే వయసా నాది? అంత డబ్బు పోసి నన్నెందుకు తీసుకెళ్లడం?" అంటున్నారు. మావారు ఏ రైడ్ ఎన్ని గంటలకు ఎక్కాలో నిమిషాలతో సహా కాగితం మీద రాసిపెట్టారు. అది చూస్తేనే నాకు ఆయాసం వస్తోంది. ఆరుగురికీ సంతోషంగా గడిచేలా ఆ రోజును ఎలా అమర్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, ఐండ్‌హోవెన్

సమాధానం: అమ్మా, ముందుగా మీవారి కాగితాన్ని పక్కన పెట్టమని నా మనవి. ఆయన శ్రమను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రైడ్ల లెక్కతో నడిచే పార్కులకు అటువంటి పట్టిక అవసరమే. కాని ఎఫ్టెలింగ్‌కు ప్రాణం రైడ్లలో లేదు, చెట్ల నడుమ పిల్లల కథల దృశ్యాలను కదిలే బొమ్మలతో అమర్చిన కథల అడవిలో ఉంది. ఆ అడవిని గడియారం చూసుకుంటూ తిరిగితే సగం కూడా కంటపడదు. మీ ఆరుగురిలో అందరికన్నా నెమ్మదిగా నడిచేవారు మీ అబ్బాయి, మీ అత్తయ్యగారు. వారిద్దరి నడకనే ఆ రోజుకు కొలతగా పెట్టుకుంటే మిగిలినవన్నీ వాటంతట అవే కుదురుకుంటాయి.

మావయ్యగారి సందేహానికి ఆ పార్కు చరిత్రే సమాధానం చెబుతుంది. కాట్స్‌హూవెల్ అనే చిన్న ఊరి పక్కన 1930లలో పిల్లలు, యువకులు ఆడుకోవడానికి ఏర్పడిన స్థలం అది. 1952 మే 31న అక్కడే పది కథలతో ఒక అడవిని తెరిచారు. కాలిఫోర్నియాలో డిస్నీలాండ్ వచ్చింది 1955లో కనుక, దానికన్నా మూడేళ్లు ముందన్నమాట. ఆంటన్ పీక్ అనే చిత్రకారుడు బొమ్మలు, ఇళ్లు, వంకర పైకప్పులు గీసి ఇవ్వగా, మీ ఐండ్‌హోవెన్‌లోనే ఉండిన పీటర్ రైండర్స్ అనే కళాయంత్ర నిపుణుడు వాటికి కదలిక తెచ్చాడు. పార్కులో మొదటి పెద్ద రోలర్ కోస్టర్ 'పైథాన్' వచ్చింది 1981లో. అంటే దాదాపు ముప్పై ఏళ్లపాటు జనం అక్కడికి ప్రధానంగా కథలను చూడడానికే వచ్చారు. ఈ పార్కు ఒక ఫౌండేషన్ చేతిలో ఉంది. చేతిపని మీద, పాత యంత్రాల మీద మావయ్యగారికి ఏ కొంచెం ఆసక్తి ఉన్నా, ఒక్క రైడ్ కూడా ఎక్కకుండానే ఆ రోజు ఆయనకు నిండుగా గడుస్తుంది.

ఇక రోజు ఎంపిక. నెదర్లాండ్స్‌లో అయిదేళ్లు నిండిన పిల్లలకు బడి తప్పనిసరి. అనుమతి లేకుండా మానిపిస్తే జరిమానా పడవచ్చు కనుక, మీ అమ్మాయిని మామూలు మంగళవారంనాడు తీసుకెళ్లడం కుదరదు. అలాగని శనివారమో, మే నెల సెలవులో వెళితే జనంలో అత్తయ్యగారు ఇబ్బంది పడతారు. డచ్చి సెలవులే కాక బెల్జియం, జర్మనీ సెలవులు కూడా చూసుకోవాలి. సరిహద్దులు దగ్గరే కావడంతో అక్కడివారు కూడా పెద్ద సంఖ్యలో వస్తారు. నేను చెప్పదగిన మంచి ఉపాయం మీ అమ్మాయి బడివారు ఇచ్చే 'స్టూడీడాఖ్'. ఉపాధ్యాయుల శిక్షణ కోసం ఆ ఒక్క బడికి సెలవిచ్చే రోజు అది. మిగతా బడులన్నీ నడుస్తుంటాయి కనుక పార్కులో రద్దీ తక్కువగా ఉంటుంది. ఏడాది మొదట్లోనే బడివారు ఇచ్చే సెలవుల జాబితాలో ఆ తేదీలు ఉంటాయి. జూన్‌లో అటువంటి రోజు ఒకటి దొరికితే దానికే టికెట్లు కొనండి. అది బుధవారం కాకపోతే మరీ మంచిది, ఎందుకంటే చాలా ప్రాథమిక పాఠశాలలను బుధవారం మధ్యాహ్నానికే వదిలేస్తారు.

టికెట్లను తేదీ ఎంచుకుని ముందుగా ఆన్‌లైన్‌లో కొనాలి. తేదీని బట్టి ధర మారుతుంది. నాలుగేళ్లు నిండని పిల్లలకే ప్రవేశం ఉచితం కాబట్టి మీ బాబుకు కూడా టికెట్ తీయవలసిందే. కారు నిలిపేందుకు కూడా రుసుము ఉంటుంది, దాన్ని టికెట్లతోపాటే కట్టేయండి. ఐండ్‌హోవెన్ నుంచి టిల్‌బర్గ్ మీదుగా వెళ్లి ఎన్ 261 రోడ్డు పట్టుకుంటే పార్కు దగ్గరికే చేరుతారు. తెరిచే వేళకు ఓ పావుగంట ముందే గేటు దగ్గర ఉండేలా బయలుదేరండి.

లోపలికి వెళ్లగానే చాలామంది దూరాన ఉన్న కోస్టర్ల వైపు పరుగుతీస్తారు. మీరు మాత్రం దగ్గరలోనే ఉన్న 'డ్రోమ్‌వ్లుఖ్త్'కు వెళ్లండి. 1993లో తెరిచిన ఈ రైడ్‌లో వేలాడే చిన్న బండ్లలో కూర్చుంటే, చీకటిలో మెరిసే కోటల మీదుగా, దేవకన్యల మధ్యగా, మరుగుజ్జుల అడవి గుండా తీసుకెళతారు. కుదుపులేమీ ఉండవు కనుక అత్తయ్యగారు కూడా నిశ్చింతగా కూర్చోవచ్చు. మధ్యాహ్నానికి దాని ముందు బారు బాగా పెరుగుతుంది. ఆ రోజుకు మీరు గడియారం చూసుకుని చేయవలసిన పని ఇదొక్కటే.

అక్కడి నుంచి నేరుగా కథల అడవిలోకి వెళ్లండి, కనీసం రెండు మూడు గంటలు దానికే వదిలేయండి. ఇక్కడ బారులు తీరడం లేదు, ఎత్తు కొలవడం లేదు, పెద్ద చెట్ల నీడన చదునైన దారులు మాత్రమే ఉంటాయి. దారి పక్కన ఎర్రటి గొడుగుల మీద తెల్లటి చుక్కలున్న పుట్టగొడుగులు కనిపిస్తాయి. మీ బాబును వాటి దగ్గరికి వంగి చెవి ఆనించమనండి. లోపలి నుంచి సన్నటి సంగీతం వినిపిస్తుంది. ఏమీ చెప్పకుండా ముందు వాడికి వాడినే కనుక్కోనివ్వండి. నిద్రపోతున్న రాకుమారి కోటలో కిటికీ నుంచి చూస్తే ఆమె గుండె ఊపిరితో పైకీ కిందికీ కదులుతుంటుంది. 'లాంగ్‌నెక్' అనే పొడవు మెడ మనిషి 1952 నుంచి అక్కడే కూర్చుని, నెమ్మదిగా మెడ సాచుతూ తల పైకెత్తి చుట్టూ చూస్తుంటాడు. నిధి మీద పడుకున్న డ్రాగన్ అకస్మాత్తుగా తల ఎత్తి పొగ వదులుతుంది, అక్కడ మాత్రం బాబు చేయి పట్టుకోండి.

అన్నిటికన్నా మీ బాబును ఎక్కువసేపు నిలబెట్టేవాడు 'హోల్లె బోల్లె హైస్'. నిజానికి వాడొక చెత్తబుట్ట. బొద్దు బుగ్గలతో, నోరు తెరుచుకుని కూర్చున్న తిండిపోతు బొమ్మ అది. "పాపీర్ హీర్", అంటే "కాగితం ఇక్కడ" అని గొంతెత్తి అడుగుతుంది. నోటి దగ్గర కాగితం ముక్క పెడితే చటుక్కున లోపలికి లాగేసుకుని ధన్యవాదాలు చెబుతుంది. మొదటి బొమ్మను 1959లో పెట్టారు, ఇప్పుడు పార్కులో చాలాచోట్ల ఉన్నాయి. వాటికి తినిపించడానికి పిల్లలు నేల మీది కాగితాలన్నీ ఏరుకొస్తారు. అందువల్ల మీ సంచిలో నాలుగు పాత కాగితాలు వేసుకెళ్లండి, లేకపోతే టికెట్లకు, రసీదులకు గండం తప్పదు.

భోజనం తరువాత మీరు రెండు జట్లుగా విడిపోవడం మంచిది. అందరూ అన్నిచోట్లా కలిసే ఉండాలన్న పట్టుదలే కుటుంబ విహారాలను పాడుచేస్తుందని నా గట్టి నమ్మకం. మీవారు అమ్మాయిని తీసుకుని 'యోరిస్ ఎన్ డె డ్రాక్'కు వెళ్లవచ్చు. 2010లో కట్టిన ఈ చెక్క కోస్టర్‌లో రెండు బండ్లు పక్కపక్కన పందెం వేసుకుంటాయి. 1.10 మీటర్ల ఎత్తున్నవారిని ఎక్కనిస్తారు కనుక తొమ్మిదేళ్ల అమ్మాయికి అది సరిగ్గా సరిపోతుంది. మీరు, పెద్దవారిద్దరూ, బాబూ ఆవిరి రైలు ఎక్కి పార్కులో అవతలి స్టేషన్‌కు చేరవచ్చు. ఆ రైలును చూస్తే మావయ్యగారికి పాత బెజవాడ స్టేషన్ గుర్తుకొస్తుంది. అక్కడ అందరూ కలుసుకున్నాక, అత్తయ్యగారి ఓపికను బట్టి చెరువు మీద నెమ్మదిగా తేలే 'గొండొలెట్టా' పడవలు ఎక్కండి. బాబుకు ఇంకా ఓపిక ఉంటే లాఫ్‌లు అనే చిట్టి మనుషుల ఊరిలో నత్తబండ్లు ఎక్కించండి. వంకర ఇళ్ల నడుమ ఎత్తైన పట్టా మీద అవి సాగుతుంటే, పైనుంచి ఊరంతా కనిపిస్తుంది.

అత్తయ్యగారి మోకాళ్ల సంగతి. పార్కు చాలా విశాలమైనది, నడక మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే అవుతుంది. అక్కడ చక్రాల కుర్చీ అద్దెకు దొరుకుతుంది, ముందే చెప్పి ఉంచుకోండి. పెద్దవాళ్లు సాధారణంగా "నేను నడవలేనా ఏమిటి" అని దానికి ఒప్పుకోరు. అందువల్ల "సామాను పెట్టుకోవడానికి తీసుకుంటున్నాం" అని చెప్పి తీసుకుంటే, మధ్యాహ్నం తరువాత ఎవరూ అడగకుండానే ఆమె అందులో కూర్చుంటారు. 'విల్లా వోల్టా' అనే తిరిగే ఇంటిలోకి మాత్రం ఆమెను తీసుకెళ్లవద్దు. గది తలకిందులవుతున్నట్టు అనిపించి కళ్లు తిరుగుతాయి.

జూన్‌లో అక్కడ రాత్రి దాదాపు పది గంటల వరకు వెలుగుంటుంది, కనుక తొందరపడనక్కర్లేదు. పార్కు మూసే వేళకు చెరువులో 'అక్వానురా' అనే నీటి ఫౌంటెన్ల ప్రదర్శన జరుగుతుంది. 2012లో పార్కు అరవయ్యో ఏట మొదలుపెట్టిన ఆ ప్రదర్శనను గట్టు మీద కూర్చుని చూడవచ్చు. బాబు అప్పటికే నిద్రపోతే భుజాన వేసుకుని ఇంటికి వెళ్లిపోండి. అది చూడకపోయినంత మాత్రాన రోజు వృథా అయినట్టు కాదు.

ప్రశ్న: నేను గుంటూరు నుంచి ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి వెళుతున్నాను. మనవరాలికి ఆరేళ్లు. ఎఫ్టెలింగ్ తీసుకెళతామని అంటున్నారు. మేము గుడ్డు కూడా తినము. అక్కడ చలి ఎలా ఉంటుంది? డచ్చి రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ కథలు నాకేమి అర్థమవుతాయి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: చివరి ప్రశ్నతో మొదలుపెడతానమ్మా, ఎందుకంటే మీరు అనుకుంటున్న దానికి సరిగ్గా విరుద్ధంగా, ఆ అడవిలో అందరికన్నా అవసరమైన మనిషి నాయనమ్మే. అక్కడి దృశ్యాలలో చాలావరకు మాటలతో పని లేదు. తోడేలు, ఏడు మేకపిల్లలు, ఎర్ర టోపీ పాప, మిఠాయి ఇంట్లో చిక్కుకున్న అన్నాచెల్లెళ్లు, బంగారు నాణేలు విసర్జించే గాడిద, వాటంతట అవే నాట్యం చేసే ఎర్ర చెప్పులు: ఇవన్నీ చూడగానే తెలిసేవే. అయితే కథ ముందే తెలిసిన పిల్లకు, తెలియని పిల్లకు చూపులో ఎంతో తేడా ఉంటుంది. మొదటి పిల్ల "ఇప్పుడు తోడేలు వస్తుంది" అంటూ ఊపిరి బిగబట్టి కిటికీకి అతుక్కుపోతుంది, రెండో పిల్ల బొమ్మను ఒకసారి చూసి పక్కకు వెళ్లిపోతుంది. అందువల్ల మీరు వెళ్లే వారం ముందు నుంచీ రోజూ రాత్రి పడుకునేటప్పుడు ఒక్కొక్క కథ, అనగనగా అంటూ మీ ధోరణిలోనే, తెలుగులోనే చెప్పండి. మీకు తెలియని కథలుంటే మీ అబ్బాయిని అడిగి తెలుసుకోండి. ఆ సంభాషణ కూడా ఇంట్లో మంచి కాలక్షేపమే అవుతుంది.

మీరు తప్పకుండా కూర్చుని చూడవలసినది మరొకటి ఉంది. దాని పేరు 'ఇండియన్ వాటర్ లిలీస్', అంటే భారతీయ కలువలు. బెల్జియం రాణి ఫాబియోలా రాసిన కథ ఆధారంగా 1966లో దానిని తెరిచారు. గుడిలాంటి కట్టడంలో ఒక కొలను, అందులో మంత్రగత్తె కలువలుగా మార్చేసిన దేవకన్యలు ఉంటారు. కలువలు విచ్చుకుని వారు నాట్యం చేస్తుంటే కప్పలు, బాతులు వాద్యాలు వాయిస్తాయి. మన దేశంలో అటువంటి కథ మీరు విని ఉండరు, ఆ గుడి కూడా మన గుడిలా ఉండదు. దూరదేశపు రాణి మన దేశాన్ని ఎలా ఊహించుకున్నదో చూడడం మీకు ఆసక్తిగానే ఉంటుందని నా నమ్మకం. అది కొద్ది నిమిషాల ప్రదర్శన, రోజంతా మళ్లీ మళ్లీ జరుగుతూ ఉంటుంది. కాసేపు నిలబడవలసి రావచ్చు కనుక కొంచెం విశ్రాంతి తీసుకుని వెళ్లండి.

భోజనం విషయంలో మీకు దిగులు అక్కర్లేదు. బయటి తిండి తీసుకెళ్లడానికి అక్కడ అభ్యంతరం లేదు, కూర్చుని తినడానికి బల్లలు కూడా ఉంటాయి. పులిహోర, చపాతీలు, ఒక డబ్బా పెరుగన్నం పట్టుకెళితే ఆ చల్లని వాతావరణంలో సాయంత్రం దాకా పాడవవు. బయట కొనాలంటే రెండు మూడు సంగతులు గుర్తుంచుకోండి. అక్కడి పాన్‌కేకులలోను, 'పొఫర్చెస్' అనే చిట్టి అట్లలోను సాధారణంగా గుడ్డు కలుపుతారు. బఠాణీ సూప్ అంటే శాకాహారమని అనుకుంటాము, కాని డచ్చివారు దానిలో పంది మాంసం వేసి వండుతారు. బంగాళాదుంప వేపుళ్లను నెదర్లాండ్స్‌లో ఎక్కువగా మొక్కల నూనెలోనే వేయిస్తారు, అయినా ఏ నూనె అని మీ అబ్బాయిచేత ఒకసారి అడిగించండి. సరిహద్దు దాటి బెల్జియంలోకి వెళ్లినప్పుడు ఈ ప్రశ్న తప్పనిసరి, అక్కడ పశువుల కొవ్వులో వేయించే అలవాటు పాతది.

చలి గురించి చెప్పాలంటే, అక్కడివారు హాయిగా ఉందనుకునే ఎండాకాలపు రోజు కూడా గుంటూరు నుంచి వెళ్లిన మనకు చలిరోజే. చీర మీదికి స్వెటరు, దానిపైన వాన ఆపే పొడవు కోటు, సాక్సు, మెత్తటి బూట్లు వేసుకోండి. చెప్పులతో మాత్రం వెళ్లకండి. గొడుగు గాలికి నిలవదు. వాన వచ్చిందని రోజును మానుకోనక్కరలేదు. డ్రోమ్‌వ్లుఖ్త్, సింబోలికా వంటివి కప్పు కిందే ఉంటాయి, జల్లు తగ్గాక తడిసిన అడవి మరింత అందంగా ఉంటుంది.

ప్రశ్న: మా అబ్బాయికి పన్నెండేళ్లు, వాడికి పెద్ద కోస్టర్లు తప్ప ఏవీ పట్టవు. అయిదేళ్ల అమ్మాయికి చీకటి అన్నా, పెద్ద చప్పుళ్లన్నా భయం. కిందటి ఏడాది వేరొక పార్కులో ఒక చీకటి రైడ్ ఎక్కించగా మిగతా రోజంతా ఏడుస్తూనే ఉంది. ఎఫ్టెలింగ్‌లో ఇద్దరినీ ఎలా సంతోషపెట్టాలి?
– ఒక తండ్రి, డెన్ హాగ్

సమాధానం: మీ అబ్బాయి ఎత్తును ఇంట్లోనే బూట్లు లేకుండా కొలిచి పెట్టుకోండి. 'పైథాన్'కు 1.20 మీటర్లు, 'బారన్ 1898'కు 1.32 మీటర్లు ఉండాలి. బారన్ పైనుంచి నేల కిందిదాకా మొత్తం 37.5 మీటర్లు నిట్టనిలువుగా దూకుతుంది. పన్నెండేళ్ల పిల్లవాడు బారు చివరి దాకా వెళ్లి వెనక్కి రావడం చిన్నతనంగా భావిస్తాడు కనుక ఈ కొలత ముందే తెలియాలి. తల్లిదండ్రులలో ఒకరు అబ్బాయితో ఎక్కి దిగాక, రెండోవారు మళ్లీ మొదటి నుంచి బారులో నిలబడకుండా ఎక్కే ఏర్పాటు చాలా రైడ్ల దగ్గర ఉంది. దానిని 'బేబీ స్విచ్' అంటారు. బారు మొదట్లోనే సిబ్బందిని అడగండి.

అమ్మాయి విషయంలో నా సలహా నిక్కచ్చిగా ఉంటుంది: ఆమె వద్దన్నదాన్ని ఎక్కించకండి, "ఏమీ కాదు, నేనున్నాగా" అని బుజ్జగించి కూడా ఎక్కించకండి. పిల్లల భయం ఒక్క రైడ్‌తో తీరదు. బలవంతం చేసిన పెద్దల మీద నమ్మకం మాత్రం ఒక్క రైడ్‌తోనే సడలుతుంది. 2024 అక్టోబరు 31న మొదలైన 'డాన్స్ మకాబ్ర్' దయ్యాల మఠం, ఆమె దాని పక్కకు కూడా వెళ్లనక్కర్లేదు. 'ఫాటా మోర్గానా' పడవ ప్రయాణం అరేబియా కథల్లా ఉంటుందని పెద్దలు తేలిగ్గా తీసుకుంటారు, కాని అందులో ఖైదీల కొట్లు, పెద్ద రాక్షసుడు ఉన్నాయి. డ్రోమ్‌వ్లుఖ్త్ చీకటిగానే ఉంటుంది గాని భయపెట్టదు. దాని వీడియోను ముందు రోజు ఇంట్లో చూపించి, ఎక్కుతావా అని ఆమెనే అడగండి. వద్దంటే 'నెస్ట్' అనే చెక్క ఆటస్థలం ఉంది, అక్కడ వలలు పాకడం, మెట్లెక్కడం, జారడం అన్నీ ఆరుబయటే. ఒక తల్లో తండ్రో బెంచీ మీద కూర్చుంటే, ఆమె గంటసేపు తనంతట తానే ఆడుకుంటుంది. టికెట్ డబ్బుకు అది తక్కువ ఫలితమని దయచేసి అనుకోవద్దు.

అబ్బాయికి ఒక్క షరతు పెట్టండి: ఉదయం అతనికి ఇష్టమైన కోస్టర్లు ఎక్కించి, మధ్యాహ్నం గంటసేపు చెల్లెలి వెంట కథల అడవిలో తిరగాలి. పన్నెండేళ్లవాడు మొదట మొహం మాడ్చుకుంటాడు. ఆ బొమ్మలను కదిలించే యంత్రాలు ఎక్కడున్నాయో, విన్న మాటను తిరిగి పలికే చిలుక ఆ పని ఎలా చేస్తున్నదో కనిపెట్టమని పని అప్పగిస్తే, తరువాత చెల్లెలికన్నా వాడే ఎక్కువసేపు నిలబడతాడు.

ప్రశ్న: మేము హైదరాబాదు నుంచి ఎనిమిదేళ్ల కవల పిల్లలతో ఆమ్‌స్టర్‌డామ్ వెళుతున్నాము. చేతిలో కొద్ది రోజులే ఉన్నాయి, కారు లేదు. ఎఫ్టెలింగ్‌కు ఒక పూర్తి రోజు ఇవ్వడం సబబేనా?
– ఒక పాఠకుడు, హైదరాబాదు

సమాధానం: ఎనిమిదేళ్ల పిల్లలున్నారు కనుక సబబేనండి. పెద్దవాళ్లు మాత్రమే వెళుతుంటే నేను ఇంత గట్టిగా చెప్పేవాణ్ణి కాదు. ఆమ్‌స్టర్‌డామ్ సెంట్రల్ స్టేషన్ నుంచి డెన్ బోస్‌కు నేరుగా వెళ్లే రైలు గంటలో చేరుస్తుంది. అక్కడి నుంచి పార్కు గేటు దాకా బస్సు ఉంది. టిల్‌బర్గ్ స్టేషన్ నుంచి కూడా బస్సు దొరుకుతుంది. రాకపోకలకు మొత్తం నాలుగు గంటలు పోతాయని లెక్క వేసుకుని, ఉదయం ఏడున్నరకల్లా హోటల్ నుంచి బయలుదేరండి. ఆ రోజుకు ఇంకే కార్యక్రమమూ పెట్టుకోవద్దు. 2010 నుంచి పార్కు ఏడాది పొడవునా తెరిచే ఉంటోంది, కాని మూసే వేళలు రోజును బట్టి మారుతాయి. మీరు ఎంచుకున్న తేదీకి పార్కు మూసే సమయాన్నీ, డెన్ బోస్ వైపు వెళ్లే చివరి బస్సు సమయాన్నీ రెండూ పక్కపక్కన పెట్టి చూసుకున్న తరువాతే టికెట్లు కొనండి.